లెక్కలోంచి తీసేసిన 39,612 మంది

(స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1991 గల్ఫ్ యుద్ధం మీద మేధావుల మధ్య పెద్ద చర్చే జరిగింది. అందులో ఎక్కువమంది చెప్పుకునేది ఫ్రెంచి తత్వవేత్త బోద్రియార్ మాట. ఆ ఏడాది పారిస్ పత్రిక 'లిబరేషన్'లో మూడు వ్యాసాలు రాసి, అసలు గల్ఫ్ యుద్ధం జరగనేలేదని తేల్చాడాయన. మనుషులు చావలేదని ఆయన అనలేదు. టీవీలో మనకి చూపించినదాన్ని యుద్ధం అనలేమన్నాడు. నిజమేమిటో తేల్చుకునే పనినే వదిలేస్తే ఎలాగని బ్రిటిష్ విమర్శకుడు క్రిస్టఫర్ నోరిస్ 1992లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా షెల్టర్ మీద అమెరికా రెండు బాంబులు వేసింది. లోపల తలదాచుకున్న 400 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. అది సైనిక స్థావరమనుకున్నామని అమెరికా చెప్పుకుంది. ఇలాంటి చావులు మొత్తం ఎన్నో చెప్పడానికి మాత్రం ఆ ప్రభుత్వం ఇష్టపడలేదు.

చెప్పింది ఒక స్త్రీ. బెత్ డపాంటే అమెరికా జనాభా లెక్కల సంస్థలో ఉద్యోగి. ఇరాక్ జనాభా అంచనాని సవరించడం ఆమెకి అప్పజెప్పిన మామూలు ఆఫీసు పని. ఎంతమంది పోయారో తెలియకుండా ఎంతమంది మిగిలారో ఎలా చెప్తారు? లెక్క కట్టింది. మొత్తం 1,58,000 మంది. నేరుగా దాడుల్లో పోయిన మామూలు జనం 13,000 అయితే, కరెంటు, మంచినీళ్ళ వ్యవస్థలు ధ్వంసమయ్యాక జబ్బులతో పోయినవాళ్ళు 70,000. కాల్పులు ఆగాక వచ్చిన చావుల్ని కూడా యుద్ధం ఖాతాలోనే రాసిందామె. నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఇంకో పని కూడా చేసింది: 86,194 మంది మగవాళ్ళు, 39,612 మంది స్త్రీలు, 32,195 మంది పిల్లలు అని విడివిడిగా చూపించింది.

1992 జనవరిలో ఒక విలేఖరి అడిగితే ఆ అంకెలు చెప్పింది. మార్చికల్లా ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు. నివేదికని తిరగరాయించారు. కొత్త నివేదికలో స్త్రీలూ పిల్లల లెక్క విడిగా లేదు. న్యాయ సహాయం తీసుకుని పోరాడితే ఉద్యోగం నిలిచింది. 1993లో ఆమె మళ్ళీ లెక్క చూసుకుంది. దాడుల్లో పోయిన మామూలు జనం 3,500 అనీ, ఆ తర్వాత జబ్బులతో పోయినవాళ్ళు 1,11,000 అనీ సవరించి ప్రచురించింది. ఒక అంకె తగ్గింది, ఒకటి పెరిగింది. రెండూ దాచలేదు.

మనకి ఇబ్బంది కలిగించే కథ కూడా చెప్పాలి. ఆంక్షల వల్ల ఇరాక్‌లో 5,67,000 మంది పిల్లలు చనిపోయారని 1995లో 'లాన్సెట్'లో ఒక ఉత్తరం వచ్చింది. రాసిన ఇద్దరిలో సారా జైదీ ఒకరు. యుద్ధ వ్యతిరేకులందరూ ఆ అంకెనే పట్టుకున్నారు. అయితే 1996లో మళ్ళీ వెళ్ళి తల్లుల్ని అడిగి చూస్తే, ముందు రాసుకున్న చావుల్లో చాలావాటికి ఆధారం దొరకలేదు. 1997లో జైదీయే ఆ సంగతి అదే పత్రికలో రాసింది. 1999లో యూనిసెఫ్ ఇచ్చిన ఐదు లక్షల లెక్కకి ఆధారమైన సర్వేని కూడా సద్దాం ప్రభుత్వం తారుమారు చేసిందని 2017లో ఇద్దరు పరిశోధకులు చూపించారు.

అంటే ఆంక్షలు మంచివని కాదు. ఆ సంవత్సరాల్లో ఇరాక్ తల్లులు పడ్డ బాధ చిన్నదీ కాదు. కాకపోతే పై అధికారులు తన అంకెని తిరగరాస్తుంటే ఎదిరించడం ఒక రకం. మన జట్టు జెండా మీద రాసుకున్న అంకెని మనమే చెరపాల్సి రావడం ఇంకో రకం. మీలో ఊళ్ళు తిరిగి సర్వేలు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. జైదీ స్థానంలో ఉంటే ఆ రెండో ఉత్తరం రాసేదాన్నో లేదో నాకైతే గట్టిగా చెప్పడం కష్టం. మీరేం చేసేవాళ్ళో ఇప్పుడు చర్చలో చెప్పండి.