బోరు మోటారు నుంచి రైలింజను దాకా
(ఖిలా వరంగల్‌లో జరిగిన సంఘం సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. మేము ప్రొఫెసర్లం కాదు. మాలో కొందరం ఐటీఐ చేసినవాళ్లం, కొందరం పాలిటెక్నిక్ చదివినవాళ్లం. రోజంతా మోటార్లు, ప్యానెళ్లు, పంపుల మధ్య గడిపేవాళ్లం. అందుకని మాకు తెలిసిన చదువు గురించే చెప్తాం. దాని పేరు ఎలక్ట్రోమెకానికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ. పేరు పెద్దగా ఉందని భయపడకండి. కరెంటూ యంత్రమూ కలిసే చోట పని చేసే విద్య, అంతే.

ఇది మీ పొలంలోనే ఉంది. బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోయిందనుకోండి. బాపు అప్పు చేసి మోటారు పైకి తీయిస్తాడు, టౌనుకు తీసుకుపోయి వైండింగ్ చేయిస్తాడు, మళ్లీ దింపిస్తాడు. నెల తిరగకుండా మళ్లీ కాలుతుంది. మన తండాల్లో ఈ కథ తెలియని ఇల్లు లేదు. ఎందుకు కాలింది? వైండింగ్ చేసినవాడు కాయిల్ చుట్టడం మాత్రమే చూశాడు. కాలిన రాగి తీగ తీసి కొత్తది చుట్టాడు, డబ్బులు తీసుకున్నాడు. అసలు జబ్బు పంపులో ఉంది. నీళ్లు అడుగంటి ఇసుక వస్తోంది. ఇసుక ఇంపెల్లర్లలో పట్టుకుంది, లేదా బేరింగు అరిగి షాఫ్టు బిగుసుకుంది. తిరగలేని షాఫ్టును తిప్పాలని మోటారు ఎక్కువ కరెంటు లాగింది. ఎక్కువ కరెంటుకు కాయిల్ వేడెక్కింది, ఇన్సులేషన్ కరిగింది, కాలింది. ఒక్కోసారి జబ్బు కరెంటులోనే ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద భారం పడి మోటారు మాడిపోతుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా సెట్ చేసి ఉంటే అదే ఆగిపోయేది. కానీ మాటిమాటికీ ఆగుతోందని మనమే దాన్ని తప్పించి డైరెక్టుగా కలుపుతాం! మేమూ కలిపినవాళ్లమే, దాచడం దేనికి.

కరెంటు వైపు నుంచీ, ఇనుము వైపు నుంచీ రెండు వైపులా చూడగలిగినవాడు ఆ మోటారును ఒక్కసారికే బాగు చేస్తాడు. ఆ రెండు చూపులూ నేర్పేదే ఈ చదువు. దీనికి ఇప్పుడు మూడోది కూడా తోడైంది, అది కంప్యూటరు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే వడ్లు, పత్తి చూశారు కదా. రైస్‌మిల్లులో సార్టెక్స్ మిషను ఉంటుంది. దాని కెమెరా జారిపడే ఒక్కో గింజనూ చూస్తుంది. నల్లగింజ కనబడగానే గాలి వాల్వు తెరుచుకొని ఒక్క ఊపుతో దాన్ని పక్కకు కొడుతుంది. అందులో కెమెరా ఉంది, కరెంటు ఉంది, గాలి ఒత్తిడి ఉంది, ఇనుమూ ఉంది. అది సీజన్లో ఆగితే మిల్లు యజమానికి నిద్ర ఉండదు. ఆ రోజు అతనికి కావాల్సిన మనిషి మీలో ఒకరు ఎందుకు కాకూడదు?

ఇక్కడ కూర్చుంటే రైలు కూత వినిపిస్తోంది. ఈ కోట నుంచి వరంగల్ స్టేషన్ ఎంతో దూరం లేదు. ఆ కూతకూ మనకూ పాత లెక్క ఒకటి ఉంది. మన ముత్తాతలు లదేణి చేసినవాళ్లు. ఎద్దుల వీపుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లు. మొఘలుల సైన్యాలకూ నిజాం సైన్యాలకూ తిండిగింజలు మోసినవాళ్లు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి అదే దారి వరంగల్ మీదుగా బెజవాడ దాకా చేరింది. రైలు వచ్చింది, తారు రోడ్డు వచ్చింది, మన ఎద్దులకు పని పోయింది. తరాల విద్య ఒక్క యంత్రం ముందు ఓడింది. ఆ తర్వాత మనవాళ్లు పడ్డ కష్టాలు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, మాకంటే బాగా చెప్తారు.

ఇప్పుడు అదే రైలును చూడండి. కాజీపేటలో డీజిల్ లోకో షెడ్డూ ఉంది, ఎలక్ట్రిక్ లోకో షెడ్డూ ఉంది. 2023 జూలైలో కాజీపేట దగ్గర అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. గూడ్సు బండి లాగే డబ్ల్యూఏజీ-9 ఇంజను శక్తి 6,000 హార్స్‌పవర్ పైమాటే. పైన తీగలో 25,000 వోల్టులు. ఇంజనులోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది, కన్వర్టర్లు మూడు ఫేజుల కరెంటుగా మారుస్తాయి, ఆరు మోటార్లు ఆరు ఇరుసులను తిప్పుతాయి. మన బోరు మోటారుకు ఇది పెద్దన్న అనుకోండి. మాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. దిగుడులో బ్రేకు వేసినప్పుడు అవే మోటార్లు జనరేటర్లుగా మారి కరెంటును తిరిగి పై తీగకు పంపుతాయి. బండి ఆగుతూ ఆగుతూ కరెంటు పుట్టిస్తుంది! ఇలాంటి ఇంజనును బాగు చేయడానికి ఎలక్ట్రీషియన్ ఒక్కడు చాలడు, ఫిట్టర్ ఒక్కడు చాలడు.

ఆ ఇంజను నడపడానికి అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాలంటే పదో తరగతితో పాటు నిర్ణీత ట్రేడుల్లో ఐటీఐ ఉండాలి, లేదా ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్, ఆటోమొబైల్ డిప్లొమాల్లో ఒకటి ఉండాలి. మనకు వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. కంటిచూపు పరీక్ష మాత్రం గట్టిగా ఉంటుంది, ముందే చూపించుకోండి. చెల్లెళ్లకు ఒక మాట. ఆసియాలోనే మొదటి మహిళా రైలు డ్రైవరుగా పేరు పొందిన సురేఖా యాదవ్ మహారాష్ట్రలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివారు. 2023లో వందేభారత్ నడిపారు. రైతు బిడ్డ. ఈ పని ఆడపిల్లలకు కాదని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

ఎలా చేరాలి? మన దగ్గర చాలా కాలేజీల్లో ఎలక్ట్రోమెకానికల్ అని బోర్డు కనబడదు. ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్‌లో చేరి యంత్రాల వైపు చూపు పెట్టాలి, లేదా మెకానికల్‌లో చేరి కరెంటు నేర్చుకోవాలి. కొన్నిచోట్ల మెకట్రానిక్స్ ఉంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్, మూడేళ్లు. పరీక్ష 120 మార్కులకు, అందులో 60 లెక్కలవే. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. కాబట్టి పాలిటెక్నిక్‌లో చేరితే ఇంజనీరు కాలేమన్న మాట తప్పు. ఐటీఐ అయితే ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్లు. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల రిపేరు లాంటి కోర్సులు వాటిలో ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీని కూడా గుర్తుపెట్టుకోండి. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. సీట్లు ఉన్నాయి, అడిగేవాళ్లే తక్కువ.

కష్టాలు కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో మన పిల్లలు పడిపోయేది ఎక్కువగా లెక్కలు, డ్రాయింగుల దగ్గర. తెలుగు మీడియం నుంచి వెళ్లి ఇంగ్లిషు పుస్తకం తెరిస్తే గోడలా ఉంటుంది. మాలో ఒకరికి మొదటి ఏడాది నాలుగు సబ్జెక్టులు మిగిలాయి. సిగ్గుపడి తండాకు వచ్చి మిర్చి ఏరాడు. యాడి తిట్టి మళ్లీ బస్సెక్కించింది. ఇవాళ అతనే మనకు ఈ మైకు సెట్టు సరిచేసి పెట్టాడు, అటు చూడండి. చదువయ్యాక కూడా మొదటి ఉద్యోగం చాలాసార్లు కాంట్రాక్టుదే. జీతం తక్కువ, షిఫ్టులు రాత్రిపూట. రెండుమూడేళ్లు ఓర్చుకొని పీఎల్‌సీ, డ్రైవులు నేర్చుకున్నవాళ్లకు తర్వాత దారులు తెరుచుకున్నాయి. లిఫ్టుల కంపెనీలు, మందుల ఫ్యాక్టరీలు, చెల్పూరు థర్మల్ కేంద్రం లాంటి విద్యుత్తు కేంద్రాలు, భూపాలపల్లి గనులు, గీసుకొండ, సంగెం మధ్య వచ్చిన టెక్స్‌టైల్ పార్కు, అన్నింటికీ మెయింటెనెన్స్ మనిషి కావాలి. గల్ఫ్‌కు పోయేవాళ్లనూ చూస్తున్నాం. వీసా మీద లేబర్ అని ఉన్నవాడి బతుకు వేరు, టెక్నీషియన్ అని ఉన్నవాడి బతుకు వేరు.

ఇంకొక్క విషయం, చెప్పడం మాకు కష్టమే. మా ఎరుకలో ఒక కుర్రాడు ఉన్నాడు. ఏ స్తంభమైనా ఎక్కుతాడు, ఏ ఫ్యూజయినా వేస్తాడు. తండాకంతా అతనే లైన్‌మన్. ఎక్కడా చదవలేదు. ఒక కాంట్రాక్టరు దగ్గర కూలికి పనిచేస్తూ, ఎల్‌సీ తీసుకున్నారని ఎవరో చెప్పిన మాట నమ్మి ఎక్కాడు. లైను ఆగలేదు. ప్రాణం దక్కింది కానీ కుడిచేయి పోయింది. పరిహారం అడగబోతే, పనివాళ్ల లెక్కల్లో అతని పేరే లేదన్నారు. పని వచ్చు, సర్టిఫికెట్ లేదు, హాజరు పట్టీలో పేరు లేదు. మన తండాల్లో అలాంటి కుర్రాళ్లు ఎందరో ఉన్నారు, మీకూ తెలుసు. వాళ్లకు చేతిపని ఇప్పటికే ఉంది. లైను చచ్చిందో బతికుందో తానే టెస్టర్‌తో చూసి, ఎర్త్ చేసి, అప్పుడే ఎక్కాలని తరగతిలో మొదటి నెలలోనే నేర్పుతారు. ఆ నెల పాఠం అతనికి దొరికి ఉంటే ఇవాళ రెండు చేతులతో ఈ సభలో కూర్చునేవాడు. ఈ చదువు గురించి మేమింత గట్టిగా చెప్పడానికి ఉద్యోగాలు ఒక్కటే కారణం కాదు.

పదో తరగతి పిల్లలు కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి, చివరి రోజు మీసేవ దగ్గర నిలబడకండి. ఐటీఐనా పాలిటెక్నికా తేల్చుకోలేనివాళ్లు మా దగ్గరకు రండి, మార్కుల మెమో చూసి మాట్లాడదాం. భోజనాలయ్యాక ఆ చింతచెట్టు కింద ఒక కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారును విప్పుతాం. అది ఎందుకు కాలిందో మేమింకా చూడలేదు. మీరే వచ్చి చెప్పాలి.