"ఇంకోసారి చదువు!"

మూడేళ్ల పిల్లలు నచ్చిన పుస్తకాన్ని ఒక్కసారి విని ఊరుకోరు. "ఇంకోసారి" అంటారు. చదివే మనకి విసుగు. వాళ్లకి మాత్రం తర్వాతి పేజీలో ఏముందో ముందే తెలియడమే అసలు సరదా. కాబట్టి కాదనకండి.

ఎరిక్ కార్ల్ 1969లో తెచ్చిన గొంగళిపురుగు కథే చూడండి. ఆకలేసిన పురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పియర్ పళ్లు, ఇలా తింటూ పోతుంది. తిన్న చోటల్లా కాగితానికి నిజంగానే చిల్లు ఉంటుంది. పిల్లలు అందులో వేలు దూర్చి చూస్తారు. వారాలు, అంకెలు వాటంతటవే నోటికొస్తాయి, ఎవరూ అప్పజెప్పించుకోనక్కర్లేదు.

ఇంట్లో అయితే ఒళ్లో కూర్చోబెట్టుకుని, అక్షరాల వెంట పరుగెత్తకుండా బొమ్మ దగ్గర ఆగండి. "ఇప్పుడేం చేస్తుందంటావు?" అని అడిగి ఊరుకోండి. జవాబు ఎంత వింతగా ఉన్నా దిద్దొద్దు. బడిలో ముప్పైమంది ముందు చిన్న పుస్తకం ఎత్తి చూపితే వెనక వరుసకి మెడలు సాగదీయడమే మిగులుతుంది. పిల్లల్ని దగ్గరగా కూర్చోబెట్టి, పుస్తకం వాళ్లవైపు తిప్పి, ప్రతి పేజీనీ అటూ ఇటూ నెమ్మదిగా చూపించాలి. తర్వాత దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి! చేతికందే చోట ఉంటే, చదవడం రానివాళ్లు కూడా బొమ్మలు చూసి కథ చెప్పేస్తారు. పేజీ చిరిగితే అతికించుకోవచ్చు.

కొనడం కష్టమా? ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అచ్చు తీసుకోవచ్చు కూడా. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక అనే ప్రచురణ సంస్థలు కూడా తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి.