సంతకం పెట్టే ముందు

(వార్షిక మహాజన సభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి పనులు మానుకుని వచ్చారు. లంకల నుంచి పంటు దాటి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం.

వెనకాల బ్యానరు మీద 'మహిళా సాధికారత' అని ప్రతి ఏడూ రాయిస్తాం. ఆ మాటకి అర్థమేమిటని ఈసారి మాలో మేమే అడుక్కున్నాం. అప్పు ఎక్కువ రావడమా? వాయిదా తప్పకపోవడమా?

అమెరికాలో జూలియన్ రాపాపోర్ట్ అనే సమాజ మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో దీని మీద ఒక వ్యాసం రాశారు. జనానికి ఏం లోటుందో చూసి, నిపుణులు వచ్చి పూడిస్తే చాలదన్నారు. శక్తి చాలావరకు వాళ్ళ దగ్గరే ఉంటుంది, దాన్ని వాడుకోనివ్వకుండా చుట్టూ ఉన్న ఏర్పాట్లే అడ్డుపడతాయి అన్నది ఆయన వాదన. మనకిది కొత్తేం కాదండి. గోదారి పొంగితే గొడ్లని ఏటిగట్టుకి తోలడం, బియ్యం అటకెక్కించడం లంకల్లో ఆడవాళ్ళకి ఎవరు ట్రైనింగిచ్చారు?

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అక్షరాస్యత కేంద్రాల్లో చదువు మొదలెట్టిన ఆడవాళ్ళు, రోశమ్మగారితో కలిసి ఊళ్ళో సారా కొట్టు మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం బాగా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. రోజుకో రూపాయి పొదుపూ ఆ జిల్లాలోనే ఊపందుకుంది. కొట్టు మూయించమని వాళ్ళకెవరూ టార్గెట్ పెట్టలేదు.

మరి మన సంగతో? ఈ ఏడు ఒక గ్రామ సంఘం మీటింగులో ఒకావిడ లేచి, "నా పేరున అప్పు ఎప్పుడు రాశారండీ?" అని అడిగారు. పుస్తకంలో తీర్మానం ఉంది, కింద ఆవిడ సంతకమూ ఉంది. సంతకం నిజమే. డబ్బు మాత్రం వేరేవాళ్ళు వాడుకున్నారు. "పెట్టమన్నారని పెట్టేశానండి" అన్నారు. చదవకుండా ఎందుకు పెట్టావమ్మా అని అందరం ఆవిడనే కోప్పడ్డాం. ఇంటికెళ్ళాక తట్టింది, అసలు చదవనిచ్చిందెవరని. మీటింగుకి రాకపోతే జరిమానా, వస్తే సంతకం. ఆ అలవాటు చేసింది మేమే. పైవాళ్ళు మా మీద చేసిన పెత్తనమే మేం మీ మీద చేశాం.

ఇప్పుడు తీర్మానం గట్టిగా చదివాకే సంతకాలకి పుస్తకం తిప్పుతున్నాం. చదివేది బుక్ కీపరు కాదు, వంతులవారీగా సభ్యురాళ్ళే. చదువు రానివాళ్ళు అప్పెంతో, ఎవరికో, ఎందుకో నోటితో చెప్పాకే వేలిముద్ర. అరగంట ఎక్కువ పడుతోందని సణుగుతున్నారు, నిజమే. కొన్ని సంఘాల్లో ఇంకా మొదలే కాలేదు.

ఆ సొమ్ము వాడుకున్నవాళ్ళు ఇప్పటికి మూడు వాయిదాలు కట్టారు. మిగతాది వాళ్ళ దగ్గరే రాబట్టాలని, ఆవిడని అడగకూడదని తీర్మానం రాశాం. దాన్ని సభలో చదివింది ఆవిడేనండి.