మనోవ్యాధుల పేళ్లు – మన వివాహపత్రము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధికి విరాళము లిచ్చిన దాతలను గూర్చియు, వసతిగృహమును గూర్చియు నాకు ముందు మాటలాడినవారు చక్కగా సెలవిచ్చిరి. కార్యదర్శిగారు నా కప్పగించిన విషయ మంత సంతోషకరమైనది కాదు. మన సంఘమువారి వివాహసమాచార పత్రమునందు తొమ్మిదవ గడి యొకటి కలదు. "కుటుంబమున నెవరికైన మనోవ్యాధి యున్నదా?" అని యందలి ప్రశ్న. దాని నుంచవలెనా, తీసివేయవలెనా యని కార్యనిర్వాహకవర్గమున రెండుమాఱులు వాదము జరిగియు తేలలేదు. నేను వైద్యుడను గాను, న్యాయవాదిని. అయినను ఈ గడి మూలమున మా యింట జరిగినదానిని జెప్పి, పిమ్మట చదివి తెలిసికొన్నదానిని మనవి చేసెదను.

మా చెల్లెలు మరణించునప్పటికి ఆమె కుమార్తె యిరువదిరెండేండ్ల పిల్ల. నెల తిరుగకమునుపే పిల్లకు నిద్ర లేకపోయెను, అన్నము సయింపలేదు, చదువుపై మనసు నిలువలేదు. ఎవరో చెప్పగా ఒక వైద్యునికడకు గొనిపోయితిమి. ఆయన పదినిమిషములు మాటలాడి, కాగితముపై నొక వ్యాధినామము వ్రాసి మందు లిచ్చెను. ఇంట నేమి జరిగినదని యాయన యడుగలేదు, మేమును చెప్పలేదు. తప్పు మాయందును గలదు. సంవత్సరీకమునాటికి పిల్ల తేఱుకొన్నది, చదువు ముగించినది. కాని మా బావగారు సత్యవంతుడు. తొమ్మిదవ గడిలో ఆ పేరు వ్రాసెను. కుదిరిన సంబంధము మఱలిపోయినది. తరువాతి రెండును అంతే.

మలేరియా యనిన, రక్తపుబొట్టును సూక్ష్మదర్శినిక్రింద నుంచి క్రిమిని జూపవచ్చును. మనోవ్యాధులలో పెక్కింటి కట్టి పరీక్ష నేటికిని లేదు. ఇన్ని లక్షణము లిన్నిదినము లున్న నిది వ్యాధి యని పండితులు కూడి నిర్ణయించుకొన్న పుస్తకములే యాధారము. అమెరికా మనోవైద్యసంఘమువారి పుస్తకము 1952లో మొదట వెలువడినది. నిర్ణయములు గావున నవి మాఱుచుండును. 1851లో ఆ దేశముననే లూయిసియానా రాష్ట్రపు వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ అనునాతడు, యజమానుని విడిచి పాఱిపోవు బానిసలకు 'డ్రేపటోమేనియా' యను వ్యాధి కలదని వ్రాసి, దానికి కొరడాను మందుగా జెప్పెను. వ్యాధుల పట్టికలో నున్న స్వలింగానురక్తి 1973 డిసెంబరులో ఆ సంఘమువారి నిర్ణయముచే వ్యాధి గాకపోయెను. లక్షలమందికి మందు మింగకయే ఒక్కదినమున జబ్బు నయమైనదన్నమాట!

ఇంతమాత్రమున మనోవ్యాధియే లేదనుట పొరపాటు. 1961లో థామస్ సాజ్ అను నాయన అది వట్టి కల్పన యని గ్రంథము వ్రాసెను. నే నంతదూరము పోజాలను. పూర్వము పిచ్చాసుపత్రులను నింపిన యొక ఉన్మాదమునకు సుఖవ్యాధిక్రిములే కారణమని 1913లో నొగుచి, మూర్ అనువారు రోగుల మెదడులలో వానిని జూపి ఋజువు చేసిరి. పెనిసిలిన్ వచ్చిన పిమ్మట ఆ రోగము మిక్కిలి యరుదైపోయెను. 1949లో జాన్ కేడ్ గారు లిథియమ్ యొక్క గుణమును ప్రకటించిరి. దానిచే కుదుటబడి సంసారము చేసికొనుచున్నవారిని నేనెఱుగుదును. ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను గల ప్రభుత్వ వైద్యశాలలను జూచినవా రెవరును ఆ బాధ కల్పితమనజాలరు. మందు మానుడని నేను చెప్పుచున్నా ననుకొని యెవరును ఇంటికి పోవలదు.

నా సందేహమంతయు సరిహద్దును గూర్చియే. దుఃఖము మాట చూడుడు. 1980 నాటి మూడవ కూర్పున, ఆప్తులు పోయినవారి సహజదుఃఖమును వ్యాధిగా లెక్కింపరాదని మినహాయించిరి. 1994 నాటి నాల్గవ కూర్పున దానికి రెండునెలలు గడు వుంచిరి. 2013 నాటి యైదవ కూర్పున ఆ మినహాయింపునే తీసివేసిరి. అనగా మరణమైన రెండువారములకే నిద్రలేమి, ఆకలిలేమి, నిరాశ మున్నగు లక్షణములు తగినన్ని కూడిన, వైద్యుడు తన విచక్షణమేరకు 'డిప్రెషన్' అని పేరు పెట్టవచ్చును. నాల్గవ కూర్పును సిద్ధపఱచిన వర్గమునకు అధ్యక్షుడైన అలెన్ ఫ్రాన్సెస్ గారే దీనిని గట్టిగా నెదిర్చిరి. తీసివేసినవారి పక్షమునను న్యాయము లేకపోలేదు. మరణానంతరము మొదలైనదను కారణముచే నిజమైన వ్యాధిని విడిచిన, రోగి యాత్మహత్యకు దిగవచ్చును. ఆ భయము వట్టిది కాదు. కాని యట్టి విచక్షణకు పదినిమిషములు చాలునా?

2022లో అమెరికావారే, పెద్దవారియందు పండ్రెండు నెలలు గడచినను తగ్గని తీవ్రదుఃఖమునకు వేఱొక పేరు పెట్టిరి. మన యేటిసూతకము కూడ నేడాదియే! మాసికములకు బంధువులు వచ్చిపోవుట, ఆ యేడు పండుగ చేయకుండుట – ఇవి దుఃఖించుటకు గడువిచ్చిన యేర్పాట్లు. వితంతువులయెడ మన యాచారములు చేసిన క్రౌర్యమును నేను మఱవలేదు. అయినను ఏడ్చువానిని రోగి యనలేదు.

ఇక చట్టము. హిందూవివాహ చట్టముక్రింద మనోవ్యాధి విడాకులకు కారణము కావచ్చును. కాని వ్యాధి యెట్టిది, ఎంతటిది, కాపుర మసాధ్యమా యని విచారింపవలెను. స్కిజోఫ్రీనియా యని ముద్ర వేసినంతమాత్రమున చాలదని 1988లో సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. 2013లో మన ఆంధ్రప్రదేశమునుండి పోయిన వ్యాజ్యమునను, భార్యకు ఆ వ్యాధి కలదన్న భర్తకు విడాకు లీయలేదు. ఆమె వైద్యవిద్య చదివి ప్రభుత్వోద్యోగము చేయుచుండుటను న్యాయమూర్తులు గమనించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, పూర్వము చికిత్స పొందినంతమాత్రమున ఇప్పుడును రోగి యనరాదని చెప్పుచున్నది. తన సమాజపు నైతిక, సాంఘిక విలువలకు లొంగకుండుట వ్యాధికి గుర్తు కాదనియు చెప్పుచున్నది. కులాంతరవివాహము చేసికొందునన్న పిల్లను వైద్యునికడకు నడిపించిన తలిదండ్రు లీ సభయందును ఉన్నారు. పేళ్లు చెప్పను.

"గడి తీసివేసిన, దాచిపెట్టి పెండ్లిండ్లు చేయుదురే" యని కోశాధికారిగారి యాక్షేపణ. దాచుట తప్పే, మోసముచే జరిపిన వివాహమును కోర్టువారు రద్దుచేయవచ్చును కూడ. కాని నేడున్న జబ్బును ఇరువైపులవారు ముఖాముఖి చెప్పుకొనుట వేఱు; ఎన్నడో ఎవరో వ్రాసిన పేరును అచ్చువేసి మూడుజిల్లాలకు పంచుట వేఱు. మొదటిదానికి అచ్చుపత్ర మక్కఱలేదు.

కావున తొమ్మిదవ గడిని కొట్టివేయవలెననియు, అట్టి పేరు పడిన మన పేదపిల్లలను రెండవ వైద్యునికి జూపించుటకగు వ్యయము సంక్షేమనిధినుండి యీయవలెననియు మధ్యాహ్నసభలో తీర్మానము ప్రవేశపెట్టెదను. మా మేనకోడలి యనుమతితోనే ఆమె సంగతి చెప్పితిని. తీర్మానమును బలపఱచుటకు మహిళాశాఖవారు నిన్నరాత్రి యంగీకరించిరి.