ఇంధనం అయిపోతే తోటి పైలట్లు ఏమంటారు?

1993 నవంబర్ 15న మద్రాసు నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-300 విమానం, హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయంలో రన్‌వే సరిగా కనిపించక దిగలేకపోయింది. మళ్లీ పైకి లేస్తే రెక్కల ఫ్లాప్‌లు ముడుచుకోలేదు. అయినా మద్రాసుకే మళ్లించారు. చాచిన ఫ్లాప్‌లతో ఎగిరితే గాలి నిరోధం పెరిగి ఇంధనం ఇట్టే కరిగిపోతుంది. చివరికి తిరుపతి దగ్గర వరిపొలంలో దించారు. 262 మందీ బతికారు.

ఇలాంటప్పుడు తోటి పైలట్లు దించిన నేర్పును మెచ్చుకుంటారు. ట్యాంకులు ఎండేదాకా ఎందుకు తెచ్చుకున్నారని నిలదీస్తారు. రెండోదే కటువు, కొంత న్యాయం కూడా: ఇంధనం లెక్క పైలట్లకు రోజువారీ పని. కాకపోతే నేల మీద తీరిగ్గా వేసే లెక్కకు కాక్‌పిట్‌లోని హడావుడి తెలియదు.

1983లో కెనడాలో పౌండ్లు-కిలోల తికమకతో ఇంధనం అయిపోయిన విమానాన్ని గిమ్లీలో దించిన పైలట్లను సంస్థ మొదట శిక్షించింది. 1985లో వాళ్లకే అంతర్జాతీయ పురస్కారం దక్కింది.