దీపావళి బేరాలూ మన ఇళ్లూ

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)

షోలాపురం, బరంపురం, మొలకాల్మూరు, యానాం, ఇంత దూరాల నుంచి వచ్చారు. నేను కంచి నుంచి వచ్చాను. పండగ సీజన్లో మార్కెటింగ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ, దానితోబాటు ఇంటి మాట కూడా ఎత్తుతాను. మనకు ఆ రెండూ విడివిడిగా లేవు.

బజార్లో బట్టల కొట్టున్నవాడు రాత్రి షట్టర్ దించి ఇంటికి పోతాడు. మన మగ్గం గుంట వంటింటికి నాలుగడుగుల దూరం. పైగా మా కంచి కోర్వై చీరకు మూడు నాడెలు కావాలి, బాడీకి ఒకటి, రెండు అంచులకు రెండు. నేసేవాడు ఒంటరిగా కూర్చుంటే అవతలి అంచు నాడె విసిరే చెయ్యి ఉండదు. పూర్వం ఆ జాగాలో పిల్లలు కూర్చునేవాళ్లు. ఇప్పుడు బడికి పోతున్నారు, పోవాలి కూడా. వాళ్ల జాగాలో ఇంటి ఇల్లాలు కూర్చుంటోంది. అందుకని ఎగ్జిబిషన్‌కు మొగుడు పోయినా మగ్గం ఆగుతుంది, పెళ్లాం పోయినా ఆగుతుంది. నేసేదీ, కండెలు చుట్టేదీ, ఫోన్లో ఫోటో పెట్టేదీ, మురుకులు వండేదీ అవే నాలుగు చేతులు. అందులోనూ రెండు చేతులకే ఎక్కువ పని, అవి ఎవరివో ఈ సభలో ఆడవాళ్లనడగండి.

ఇక లెక్క చూద్దాం. ఒక పడుగు ఎక్కిస్తే మాకు మామూలుగా మూడు చీరలు. ఇద్దరూ కూర్చుంటే చీరకు 12 నుంచి 15 రోజులు. బుటా పని ఎక్కువైతే ఇంకా పడుతుంది. అంటే పడుగు దిగడానికి నెలన్నర. ఆడి మాసం మొదట్లో, అంటే జూలై నడుమ ఎక్కించిన పడుగు ఆవణిలో దిగుతుంది. దాని వెనక ఎక్కించిందే దీపావళికి చివరి పడుగు. ఆ తర్వాత ఐప్పసి వానలు. గుంటలోకి నీరు ఊరుతుంది, పడుగు వీధిలో చాచి గంజి పెట్టడానికి ఎండ ఉండదు, పట్టు చెమ్మ పట్టి పోగు తెగుతుంది. ఊరంతా చీరలు కొనే నెలలోనే మా మగ్గానికి చేతకాదు. దేవుడు మాకిచ్చిన కేలండరు అది, మార్చలేం.

మరి పండగ ముందు 15 రోజుల్లో ఫోన్లో కొత్త ఆర్డరు ఒప్పుకోవడమంటే ఏమిటి? లేని చీరను అమ్మడమే. మా కుర్రవాళ్లు నాతో వాదిస్తారు, "తాతా, సీజన్లో ఫోన్ ఎత్తకపోతే గిరాకీ పక్కవాడికి పోతుంది" అని. నిజమే, పోతుంది. వాళ్లు చెప్పేది నేను కాదనను. కానీ ఒప్పుకున్న చీర మగ్గం మీద లేకపోతే ఏం జరుగుతుందో కూడా చూశాను. ఒకడు రాత్రిళ్లు నేసి నడుం విరగ్గొట్టుకుంటాడు. ఇంకొకడు పవర్‌లూమ్ చీర తెచ్చి చేనేత అని పంపిస్తాడు. ఆ ఒక్క చీరతో ఆ కొన్నావిడ మన వీధిలో ఎవరినీ నమ్మదు. హ్యాండ్లూమ్ మార్కు, సిల్క్ మార్కు తెచ్చుకున్నది ఇందుకా?

కాబట్టి అమ్మే పనిని ముందుకు జరపమంటాను. ఆడి మాసంలో పెళ్లిళ్లుండవు, బేరం మందం. ఎండ బాగుంటుంది. ఫోటోలు తియ్యవలసింది అప్పుడే. కొంగు, అంచు, బాడీ వేర్వేరుగా పగటి వెలుతురులో తియ్యండి, ట్యూబ్‌లైటు కింద తీస్తే మైలుతుత్తం రంగు నీలంగా కనబడుతుంది, పార్సిల్ తిరిగొస్తుంది. ధర రాసి పెట్టండి, సగం ఫోన్లు ఆగిపోతాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిదాకా చేర్చుకోవచ్చు, కానీ మన నంబరు తమ ఫోన్లో పెట్టుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకని చీరతో పాటు నంబరున్న కార్డు పెట్టి, "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని నోటితో చెప్పాలి. వాట్సాప్ బిజినెస్‌లో మనం లేనప్పుడు దానంతట అదే జవాబిచ్చే సౌకర్యం ఉంది. రాత్రి ఎనిమిది తర్వాత అది మాట్లాడుతుంది, మీరు అన్నం తినండి.

ఎగ్జిబిషన్ల సంగతి. ఇంటికొక మనిషి చొప్పున చెన్నైకి పరిగెత్తే బదులు ఐదిళ్లకు ఒక స్టాలు, వంతులవారీగా మనిషి. మా సంఘంలో ఇలాగే చేస్తున్నాం. మొదట గొడవలయ్యాయి, "నా చీర వెనక పెట్టాడు, వాడి చీర ముందు పెట్టాడు" అని. ఇప్పుడు చీరలు వరుస నంబరు ప్రకారం పేరుస్తాం, రోజూ వరుస మారుతుంది. గొడవ పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఇదంతా ఎందుకంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి. పేరు చెప్పను. కూతురికి పెళ్లయిన ఏడు, తల దీపావళి. తమిళనాడులో ఉన్న మనకు తెలుసు, కొత్త అల్లుడు అత్తవారింటికి వచ్చే మొదటి దీపావళి. తల్లీ తండ్రీ ఇద్దరూ స్టాల్లో ఉండిపోయారు. పండగ ముందు రాత్రి బేరం బాగుందని బస్సు ఎక్కలేదు. తెల్లవారుజామున అల్లుడికి నూనె పెట్టింది ముసలమ్మ, నాయనమ్మ. కూతురు ఏమీ అనలేదు. మరుసటి ఏడు మాత్రం "మీకు పని ఉంటుందిగా, మేం ఇక్కడే చేసుకుంటాం" అని ఫోన్ చేసింది. ఆ తల్లిదండ్రులను నేను తప్పు పట్టను. పెళ్లి అప్పు మీద వడ్డీ నడుస్తోంది, ఆ రాత్రి అమ్మిన చీరలతోనే కొంత తీరింది. కానీ ఆ ఫోన్ మాట వాళ్లకు ఇంకా గుచ్చుకుంటోంది.

బరంపురం నుంచి వచ్చిన వాళ్లున్నారు, వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్రలో బూఢీ ఠాకురాణీ అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు నేత కులపెద్ద దేశిబెహెరా ఇల్లు. అమ్మవారిని కూతురిగా పిలుచుకునే కులం మనది.

కొన్ని పనులు ఇంటివాళ్ల చేతిలో లేవు, సంఘాల చేతిలో ఉన్నాయి. కూలీ, బోనస్ పండగ ముందు రోజు సాయంత్రం చేతిలో పెడితే ఆ ఇల్లాలు బట్టలు ఎప్పుడు కొనాలి, పిండి ఎప్పుడు పట్టించాలి? పది రోజుల ముందే ఇవ్వాలి. సరుకు అమ్ముడుపోలేదు, డబ్బు రాలేదు అంటారు. అందుకే ఆడిలోనే అమ్మడం మొదలెట్టమని ఇంతసేపూ చెప్పింది.

ఈ ఏడు మా సంఘంలో దీపావళికి 15 రోజుల ముందు ఆర్డర్ల పుస్తకం మూసేస్తున్నాం. ఉన్న చీరలు అమ్ముతాం, కొత్తవి ఒప్పుకోం. చివరి పార్సిల్ వారం ముందే పోతుంది. పండగ ముందు రోజు మధ్యాహ్నం స్టాలు కట్టేస్తాం, ఆ సాయంత్రం బేరం పోతే పోనీ. తర్వాత ఏ కొనుగోలుదారైనా మీ మీద కోప్పడితే నా నంబరు ఇవ్వండి. నా కూతుళ్లిద్దరూ పెద్దవాళ్లు, తీరిగ్గా ఉంటాను, ఆ తిట్లు నేను తింటాను.