కుట్టుపడవ, కట్టుదిట్టమైన వాక్యం



ఇలాంటి స్మారకోపన్యాసంలో సాహిత్యమే వినిపించడం రివాజు. ఈసారి కాస్త ఉప్పునీటి వాసన తగిలితే మన్నించాలి. పనితనం గురించి మాట్లాడమన్నారు కనక, భోజుడితో మొదలుపెడతాను.

పదకొండో శతాబ్దంలో ధారానగరం ఏలిన ఆ రాజు పేరిట ‘సరస్వతీ కంఠాభరణం’ ఉంది, ‘యుక్తి కల్పతరువు’ కూడా ఉంది. మొదటిది అలంకారశాస్త్రం. పదదోషాలు 16, వాక్యదోషాలు 16, వాక్యార్థదోషాలు 16 అని లెక్కగట్టి మరీ చెబుతుంది. రెండోదాంట్లో ఓడల ప్రకరణం ఉంది. నదిలో తిరిగేవి సామాన్యాలు, కడలికి పనికొచ్చేవి విశేషాలు. రెండూ ఆయనే రాశాడా, ఆస్థాన పండితులు రాసి రాజు పేరు పెట్టారా అన్న తగువు మనకొద్దు.

ఆ ఓడల ప్రకరణంలో ఒక నిషేధం ఉంది. సముద్రానికి పోయే ఓడను ఇనుముతో బిగించరాదట. నీళ్లలోని అయస్కాంతపు రాళ్లు ఇనుమును లాగి ఓడను ముంచేస్తాయట! కారణం కట్టుకథ. ఇనుము లేకుండా కట్టే పద్ధతి మాత్రం కాదు.

మన తీరంలో అలివి వల వేసే జాలర్ల కుట్టుపడవ చూడండి. పలకల అంచుల వెంట వరసగా బెజ్జాలు పెడతారు. రెండు పలకలు కలిసేచోట లోపలివైపు ఎండుగడ్డో కొబ్బరిపీచో ఒత్తుగా పరిచి, దానిమీదుగా పీచుతాడుతో కుట్టి బిగిస్తారు. ఒక్క మేకు ఉండదు, లోపల అడ్డచట్రమూ ఉండదు. అల వచ్చి మోదినా, అడుగు ఇసుకను తాకినా పడవ ఒళ్లంతా కాస్త సాగి ఊరుకుంటుంది. నీరు ఊరుతుంది, తోడిపోస్తారు. మద్రాసులో రేవు కట్టకముందు తెల్లదొరలు ఓడను దూరాన నిలిపి ఇలాంటి పడవల్లోనే ఒడ్డుకు చేరేవారు. వాళ్ల సొంత పడవలు ఆ అలల్లో నిలిచేవి కావు మరి.

అలాగని కుట్టే గొప్ప అనను. కోరంగి, తాళ్లరేవుల్లో మేకులు కొట్టి కట్టిన ఓడలు రంగూన్ దాకా వెళ్లాయి. వాటి పని లోతు నీళ్లలో, దీని పని ఒడ్డున విరిగే అలలో.

రాతలోనూ ఈ తేడా మనకు కనిపించకపోదు. చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ రాశాడు. ప్రతి సంధీ బిగించిన వచనం అది. బడిపిల్లలకు భాష నేర్పడానికి అది సరిపోయింది. గురజాడకు కావలసింది రంగస్థలం మీద నోట పలికే మాట. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’లో దానికి సూత్రాలు లేవు. అయినా 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చయింది. వ్యావహారికం ఉద్యమంగా నిలబడింది ఆ తర్వాతే. ఓడలోనూ రాతలోనూ శాస్త్రం చేతిపని వెనకాలే నడిచింది, కొన్నిసార్లు తప్పు కారణాలు చెప్పుకుంటూ.

నాకు అంతకన్నా ముఖ్యం 1909. నాటకం పేరు తెచ్చుకున్నాక కూడా గురజాడ దాన్ని విప్పి, పెంచి, దాదాపు కొత్తగా రాశాడు. మనం ఈనాడు చదువుకునేది ఆ రెండో కూర్పునే. మొదటిది పరిశోధకుల బల్లమీదే మిగిలిపోయింది. ఎం.ఏ. తరగతిలో ఒక్క నెలపాటు ఈ రెండు కూర్పుల్నీ పక్కపక్కన పెట్టి, ఏ మాట ఎక్కడ ఎందుకు మారిందో పిల్లలచేత వెతికించాలని ఇక్కడున్న ఆచార్యులకు నా మనవి. భోజుడి దోషాల పట్టిక మరుసటి నెలలో చెప్పుకోవచ్చు.